ఇంటి నుంచి చూసిన జీవిని తప్పుగా పోల్చుకోకుండా ఉండడం ఎలా? విజయవాడ, గుంటూరు వాసులకు ఒక పద్ధతి

విజయవాడలోనో గుంటూరులోనో మేడ మీద నుంచి, బాల్కనీ నుంచి, వంటింటి కిటికీ నుంచి పక్షులనూ ఇతర జీవులనూ గమనించాలనుకునేవారికి బైనాక్యులర్స్ కన్నా ముందు అలవడవలసింది పేరు పెట్టడంలో నిదానం. కన్ను చాలావరకు సరిగ్గానే చూస్తుంది. కానీ చూసిన క్షణంలోనే మనసు దానికొక పేరు తగిలించి, ఆ పేరుకు సరిపడని వివరాలన్నిటినీ పక్కకు నెట్టేస్తుంది. అందువల్లనే కాలువలో ఈదే ఉడుము మొసలి అవుతుంది, ప్రహరీ దాటిన మానుపిల్లి (పునుగుపిల్లి జాతి జంతువు) చిరుత పిల్ల అవుతుంది, జెర్రిపోతు తాచుపాము అనిపించుకుని కర్ర దెబ్బలకు చస్తుంది. పేరు చెప్పే ముందు ఏ పనులు, ఏ వరుసలో చేయాలో కింద వివరిస్తున్నాను.

మీ కిటికీకి కొలతలు కట్టుకోండి

తప్పులలో ఎక్కువ భాగం పరిమాణం దగ్గరే మొదలవుతాయి. ఖాళీ ఆకాశంలో ఎగిరే పక్షి ఎంత దూరంలో ఉందో తెలియనప్పుడు అది ఎంత పెద్దదో కూడా తెలియదు. దగ్గరగా ఎగిరే చిన్న పక్షి, దూరంగా ఎగిరే పెద్ద పక్షి కంటికి ఒకేలా ఆనుతాయి. కాబట్టి తీరిక ఉన్న ఒక రోజు మీరు నిత్యం చూసే చోటి నుంచి ఎదుటి మేడ పిట్టగోడకు, కరెంటు స్తంభానికి, వీధి చివరి వేపచెట్టుకు ఎంత దూరం ఉందో అడుగులతో కొలిచి రాసుకోండి. పిట్టగోడ ఎత్తు, గేటు కమ్మీల మధ్య ఖాళీ, నీళ్ల ట్యాంకు ఎత్తు టేపుతో కొలిచి పెట్టుకుంటే, వాటి పక్కన ఏది వాలినా దాని కొలత దాదాపుగా తెలిసిపోతుంది.

పక్షుల విషయంలో ఇంతకన్నా తేలిక మార్గం ఉంది. ముక్కు కొస నుంచి తోక చివరి దాకా పిచ్చుక సుమారు 15 సెంటీమీటర్లు, గోరువంక 23, పావురం 33, కాకి 40కి కాస్త అటూ ఇటూ, గద్ద 60 ఉంటాయి. పరిమాణాన్ని ఇలా తెలిసిన పక్షులతో పోల్చి చెప్పే పద్ధతిని సాలిం అలీ మన దేశంలో బాగా ప్రచారంలోకి తెచ్చారు. "గోరువంక కన్నా పెద్దది, కాకి కన్నా చిన్నది" అన్న ఒక్క వాక్యం సగం అనుమానాలను తీసేస్తుంది.

చూసింది రాయండి, పేరు తరువాత వెతకండి

పక్షి ఎదురుగా ఉన్నప్పుడే పుస్తకమో ఫోనో తెరిచి బొమ్మలు వెతకడం మొదలుపెడితే, ఆ బొమ్మలో కనిపించినవన్నీ పక్షిలోనూ కనిపించడం మొదలవుతాయి. అందుచేత ముందు పరిమాణం, తరువాత ముక్కు ఆకారం, తోక పొడవు, రంగు ఏ భాగంలో ఉంది, అది ఏం చేస్తోంది అన్న వరుసలో ఒక చిన్న నోటు పుస్తకంలో రాసుకోండి. తేదీ, వేళ, వెలుతురు ఎటు నుంచి పడుతోంది అన్నవి తప్పనిసరి. "గద్ద" అని రాయకండి. "కాకి కన్నా పెద్దది, ముదురు గోధుమ రంగు, తోక చివర లోపలికి నొక్కినట్టు చీలి ఉంది, రెక్కలు ఆడించకుండా గుండ్రంగా తిరిగింది" అని రాయండి. అలా రాసిన వర్ణన రేపు మరొకరు చదివినా పనికొస్తుంది. వట్టి "గద్ద" అన్న మాటను ఎవరూ సరిచూడలేరు.

వెలుతురు గురించి ఒక మాట. కృష్ణలంక వైపు మేడల నుంచి ఉదయాన్నే నది మీదుగా తూర్పుకు చూస్తే ప్రతి పక్షీ నల్లగానే కనిపిస్తుంది. ఆ వేళ రంగును నమ్మకుండా ఆకారాన్నీ రెక్కల కదలికనూ మాత్రమే రాసుకోవడం మంచిది. వానలో తడిసిన పక్షి సన్నగా, ముదురుగా ఉంటుంది. ఈకలు రాల్చుకునే రోజుల్లో గద్ద తోకలోని చీలిక కనబడకపోవచ్చు.

మన ఊళ్లలో తరచుగా జరిగే పొరపాట్లు

దసరా నాడు పాలపిట్టను చూడడం శుభమని మనవాళ్ల నమ్మకం. ఇంద్రకీలాద్రి మీద ఉత్సవాలు జరిగే ఆ రోజుల్లో బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువల వెంట తీగ మీద నీలంగా మెరిసే పిట్టను చూసి పాలపిట్ట కనిపించిందని మురిసిపోయేవారు చాలామంది ఉంటారు. పుణ్యం లెక్క నాకు తెలియదు గానీ, కాలువ మీది తీగ పైన కూర్చున్నది చాలాసార్లు తెల్లగొంతు లకుముకి పిట్ట. దానిని నిదానంగా చూడండి: ఒంటికి మించినంత పెద్ద ఎర్రటి ముక్కు దూరం నుంచే కనిపిస్తుంది, తల, పొట్ట చాక్లెట్ రంగులో ఉంటాయి, గొంతు కింద నుంచి రొమ్ము దాకా తెల్లగా ఉంటుంది, వీపు, తోక మాత్రం మెరిసే నీలం. పాలపిట్ట కూర్చున్నప్పుడు ఇంత నీలంగా కనిపించదు. దాని వీపు మాసిన గోధుమ రంగు, రొమ్ము మీద సన్నని తెల్ల చారలున్న ఇటుక ఛాయ, ముక్కు నల్లన, తల కాస్త పెద్దది. అది ఎగిరినప్పుడే అసలు రంగు బయటపడి, రెక్కల్లో లేత నీలం, ముదురు నీలం పట్టీలు ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తాయి. కాబట్టి తీగ మీద కదలకుండా కూర్చుని ఉండగానే కళ్లు చెదిరేంత నీలంగా ఉంటే అది లకుముకి పిట్ట కావడానికే అవకాశం ఎక్కువ. అది ఎగిరేదాకా ఆగి చూడండి: లకుముకి పిట్ట రెక్కలో తెల్లటి మచ్చ కనిపిస్తుంది. ఊరి బయట పొలాల మీది తీగల దగ్గర పాలపిట్ట కోసం చూస్తే ఫలితం ఉంటుంది. పండుగ పూట పంజరంలో పెట్టి తెచ్చి చూపించేవారికి డబ్బు ఇవ్వకండి.

కోకిల రెండు వేషాలతో మోసం చేస్తుంది. మగ కోకిలను కాకి అనుకుంటారు. దాని ఎర్రని కన్ను, లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న ముక్కు, పొడవైన తోక చూస్తే తేడా తెలుస్తుంది. ఆడ కోకిల గోధుమ రంగు మీద తెల్లని చుక్కలు, తోక మీద అడ్డ చారలతో ఉండడం వల్ల, పైగా కాకులు దాన్ని తరుముతూ ఉండడం వల్ల, డేగ అని పొరబడతారు. డేగకు ముక్కు కొస కిందికి వంగి ఉంటుంది. కోకిల ముక్కు కొక్కెంలా వంగదు. కాకులు తరుముతున్నాయన్నది ఒక్కటే డేగ అనడానికి సాక్ష్యం కాదు, ఎందుకంటే తమ గూట్లో గుడ్డు పెట్టిపోయే కోకిలనూ అవి అంతే కోపంగా తరుముతాయి.

మందార చెట్టు దగ్గర తేనె తాగే చిన్న పిట్టను హమ్మింగ్ బర్డ్ అని ఫొటో పెట్టేవారికి చెప్పవలసింది సూటిగా ఉంది: హమ్మింగ్ బర్డ్‌లు సహజంగా ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాల్లో తప్ప మరెక్కడా లేవు. మీరు చూసింది తేనెపిట్ట. అది ఎక్కువగా కొమ్మ మీద వాలి తాగుతుంది, అప్పుడప్పుడు మాత్రమే గాలిలో నిలుస్తుంది. సందెవేళ పువ్వు ముందు గాలిలోనే నిలిచి, రెక్కలు కనబడనంత వేగంగా ఆడిస్తూ తాగినదైతే తలమీద మీసాలు, ఆరు కాళ్లు ఉన్నాయేమో చూడండి. అది హాక్‌మాత్ అనే పెద్ద చిమ్మెట కావచ్చు.

గుంటూరుకు సమీపంలోని ఉప్పలపాడు చెరువు చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చుట్టుపక్కల ఆకాశంలో గుంపులుగా తిరుగుతుంటాయి. వీటిని సైబీరియా పక్షులనడం జనంలో బాగా నాటుకుపోయింది. ఈ రెండూ దక్షిణాసియాలోనే పుట్టి పెరిగే పక్షులు. సైబీరియా కొంగ అన్నది వేరే జాతి. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు చలికాలంలో వచ్చేది, 2002 తరువాత అక్కడికి రావడం మానేసింది. ఎర్రకాళ్ల కొంగ వీపు చివర గులాబీ ఈకలను చూసి రాజహంస (ఫ్లెమింగో) అనేవారూ ఉన్నారు. రాజహంస ముక్కు మధ్యలో ఒక్కసారిగా కిందికి వంగుతుంది. ఎర్రకాళ్ల కొంగకు పొడవైన పసుపు ముక్కు, రొమ్మున అడ్డంగా నల్ల పట్టీ ఉంటాయి.

మరికొన్ని క్లుప్తంగా చెబుతాను. గట్టున మట్టి రంగులో కూర్చున్న కొంగ ఎగరగానే తెల్లగా మారితే అవి రెండు పక్షులు కావు, ఒకటే గుడ్డికొంగ. దాని రెక్కలు తెల్లన, మూసి ఉన్నప్పుడు వీపు రంగు వాటిని కప్పేస్తుంది. ప్రకాశం బ్యారేజీ ఎగువ నీళ్లలో తల ఎత్తి ఈదే పాము ఉన్నట్టుండి మునిగి వేరే చోట తేలితే, ఒళ్లు నీటిలో దాచుకుని మెడ మాత్రమే బయటపెట్టి ఈదే డార్టర్ అనే పక్షి అయ్యుండవచ్చు. కత్తిలాంటి ముక్కు కోసం చూడండి. సందె చీకట్లో తిన్నగా, బరువుగా రెక్కలాడిస్తూ పోయే పెద్ద నల్లని ఆకారానికి ముక్కు, తోక ముందూ వెనకా పొడుచుకు వచ్చి కనబడకపోతే అది పండ్లు తినే పెద్ద గబ్బిలం. దాని రెక్కలు నాలుగడుగుల దాకా విచ్చుకుంటాయి. పసుపు, నీలం రంగుల్లో మనిషికి బెదరకుండా గ్రిల్ మీద వాలిన వింత చిలుక పంజరం నుంచి తప్పించుకున్న లవ్‌బర్డో బడ్జీనో అయ్యుంటుంది. అడవిని ఊహించే ముందు అపార్టుమెంటులో వాకబు చేయండి.

చెవికి చేరినదాన్ని విడిగా పరీక్షించండి

కనబడని జీవి శబ్దానికి పేరు పెట్టడం మరింత ప్రమాదకరం. చెట్టు గుబుర్లలో నుంచి లోతుగా "ఊప్, ఊప్, ఊప్" అని వినిపిస్తే గుడ్లగూబ అనో కొండముచ్చు అనో అనుకుంటారు. పగటి పూట అయితే అది చాలావరకు జెముడు కాకి. ఎండలు ముదిరే రోజుల్లో దూరాన ఎవరో రేకు మీద సుత్తితో కొడుతున్నట్టు ఆగకుండా వినిపించే "టుక్ టుక్" కంసాలి పిట్టది. ఒకే స్థాయిలో గంటల తరబడి "చిప్ చిప్" మంటూ ఏదో పక్షి అరుస్తోందని వెతికి వేసారిపోయేవారు కొమ్మ మీద తోక ఆడించే ఉడుతను చూడడం మరిచిపోతారు.

రాత్రి డాబా మీదుగా వేగంగా అరుచుకుంటూ పోయేది తీతువు. దాని అరుపు అపశకునమని భయపడేవారు, అది నేల మీద గూడు పెట్టుకునే పక్షి అనీ, కుక్కో మనిషో దగ్గరికి వచ్చినప్పుడు అలా గోల చేస్తుందనీ తెలుసుకుంటే భయం కొంత తగ్గుతుంది. పాత మేడల సందుల్లో నుంచి గీరినట్టు, బుసకొట్టినట్టు వినిపించే కేక తెల్లని ముఖం ఉన్న గుడ్లగూబ పిల్లలది కావచ్చు. బుస విన్నంత మాత్రాన పాము అని తీర్మానించకుండా శబ్దం ఎంత ఎత్తు నుంచి వస్తోందో ముందు చూసుకోండి. అయినా చీకట్లో చేయి పెట్టి వెతకకండి.

వినగానే ఫోనులో ఒక నిమిషం రికార్డు చేసుకోవడం, వేళ రాసుకోవడం, మర్నాడు అదే వేళకు మళ్లీ వినడం ఇక్కడ మంచి పద్ధతి.

సీసీ కెమెరాలో "చిరుత" కనిపిస్తే

గుణదల, మొగల్రాజపురం కొండల అంచున ఉన్న ఇళ్లలో రాత్రిపూట ప్రహరీ మీద నడిచే జీవి కెమెరాకు చిక్కడం మామూలే. ఆ దృశ్యం గంటలోపే కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో చిరుత అయిపోతుంది. చీకట్లో కెమెరా పరారుణ కాంతితో తీసే బొమ్మకు రంగు ఉండదు. గోధుమ, బూడిద రంగుల బొచ్చు తెల్లగా వెలిగిపోతుంది, కళ్లు నిప్పుకణికల్లా మెరుస్తాయి. విశాలంగా చూపే లెన్సు దగ్గరగా వచ్చినదాన్ని అతిగా పెద్దది చేస్తుంది. లెన్సు ముందు ఎగిరే పురుగు, గాలికి ఊగే సాలెగూడు తెల్లని దెయ్యాల్లా తేలుతుంటాయి.

అప్పుడు చేయవలసిన పని ఇది. కెమెరాను ఏమాత్రం కదిలించకండి. ఆ జీవి స్పష్టంగా కనిపించిన ఒక క్షణాన్ని స్క్రీన్‌షాట్ తీసి, దాని పాదం సరిగ్గా ఎక్కడ ఆనిందో గోడ పగులునో టైల్స్ అంచునో గుర్తుగా పెట్టుకోండి. తెల్లవారాక ఆ చోటనే ఒకరు స్కేలు నిలువుగా పట్టుకుని నిలబడితే, అదే కెమెరాతో మరో స్క్రీన్‌షాట్ తీసి రెంటినీ పక్కపక్కన పెట్టండి. భుజం ఎత్తు అడుగు లోపే ఉంటే పెరిగిన చిరుత అన్న మాట అక్కడితో ఆగిపోతుంది. పెద్ద చిరుత భుజం దాదాపు రెండడుగులు ఉంటుంది. ఇక మిగిలిన ఆకారం చూడండి. పొట్టి కాళ్లు, కోసుగా ఉన్న మూతి, కంటి చుట్టూ ముసుగులాంటి నలుపు, ఒంటితో సమానమైన పొడవు తోక ఉంటే మానుపిల్లి. తోక పొడవుగా ఉందన్న ఒక్క కారణంతో చిరుత అనుకునేది దీన్నే. మచ్చలు లేని ఇసుక రంగు ఒళ్లు, పొడవైన కాళ్లు, చివర నల్ల కట్లున్న కురచ తోక అయితే అడవిపిల్లి. కృష్ణా డెల్టాలో మడ అడవుల వైపు ఉండే బావురుపిల్లికి వరుసల్లో చుక్కలు ఉంటాయి గానీ తోక పొట్టి. చిరుత మచ్చలు గుండ్రని పువ్వుల్లా విడివడి ఉంటాయి.

బురదలో అడుగు పడి ఉంటే దాని పక్కన స్కేలు పెట్టి, నేరుగా పై నుంచి ఫొటో తీయండి. వేళ్ల ముందు గోళ్ల గుర్తులు పడి ఉంటే అది చాలావరకు కుక్కది, ఎందుకంటే పిల్లి జాతి జంతువులు నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి. పెంపుడు పిల్లి అడుగు మూడు సెంటీమీటర్ల చుట్టూ, చిరుతది ఏడు నుంచి తొమ్మిది సెంటీమీటర్ల దాకా ఉంటుంది. గోళ్ల గుర్తు లేకుండా ఏడు సెంటీమీటర్లు దాటిన అడుగు కనిపిస్తే దాని మీద ఒక బేసిన్ బోర్లించి, ఎవరూ తొక్కకుండా చూసి, అటవీ శాఖకు ఫొటోతో సహా తెలియజేయండి. గ్రూపులో పెట్టడం ఆ తరువాతి సంగతి.

పాము విషయంలో పద్ధతి మారుతుంది

ఇప్పటిదాకా చెప్పినదంతా ఇంకాస్త పరిశీలనగా చూడమన్నది. పాము దగ్గర మాత్రం దగ్గరకు వెళ్లి చూడడమే తప్పు. పడగ విప్పలేదు కాబట్టి తాచు కాదనడం సరికాదు; తాచు ఎప్పుడూ పడగ విప్పి ఉండదు, జెర్రిపోతు బెదిరితే మెడ ఉబ్బించి బుస కూడా కొడుతుంది. తెల్ల కట్లున్న నల్లని పాము కట్లపామా, లేక వుల్ఫ్ స్నేక్ అని పుస్తకాలు పిలిచే విషం లేని పామా అన్న సందేహం మరీ చిక్కైనది. వుల్ఫ్ స్నేక్ కట్లు మెడ దగ్గర స్పష్టంగా ఉండి తోక వైపు మాసిపోతాయనీ, కట్లపాము కట్లు జంటలుగా ఉండి తోక వైపు స్పష్టమవుతాయనీ చెబుతారు. ఇది ఫొటోను తీరిగ్గా చూసేటప్పుడు పనికొచ్చే గుర్తు. పిల్ల పాముల్లో, చీకట్లో, కంగారులో దీన్ని నమ్ముకోలేం. కట్లున్న ప్రతి పామునూ కట్లపాముగానే భావించి దూరంగా నిలబడండి, అది ఎటు పోతోందో కనిపెట్టి ఉండండి, పిల్లలనూ కుక్కలనూ లోపలికి పంపండి, పాములు పట్టే శిక్షణ ఉన్నవారిని గానీ అటవీ శాఖను గానీ పిలవండి. తాచు, జెర్రిపోతు, ఉడుము వంటి వాటికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది.

కాటు పడితే పామును గుర్తుపట్టడానికి ఒక్క నిమిషం కూడా ఖర్చు చేయకండి. మన ఆసుపత్రుల్లో ఇచ్చే విషం విరుగుడు మందు తాచు, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ కలిపి తయారైనదే. పామును చంపి తీసుకువెళ్లవలసిన అవసరం లేదు. 108కి ఫోన్ చేసి, కాటు పడిన కాలో చేయో కదలకుండా ఉంచి తీసుకువెళ్లండి. కట్లపాము కాటు నిద్రలో నొప్పి తెలియకుండానే పడవచ్చు కాబట్టి, గాటు కనబడలేదన్న ధైర్యంతో ఇంట్లో ఉండిపోకూడదు.

యాప్ చెప్పిన పేరును సాక్షిగా తీసుకోండి, తీర్పుగా కాదు

కార్నెల్ విశ్వవిద్యాలయ పక్షి ప్రయోగశాల రూపొందించిన మెర్లిన్ యాప్ ఫొటోను చూసి, కూతను విని పేర్లు సూచిస్తుంది. ఫోనులో మీరున్న చోటు, తేదీ సరిగ్గా నమోదై ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే అమెరికా పక్షుల పేర్లు వరుస కడతాయి. ఆటో హారన్లు, కాకుల గోల మధ్య తీసిన రికార్డింగు మీద అది చెప్పే పేర్లను చెవితో మళ్లీ సరిచూడాలి. ఫోను కెమెరా జూమ్ గురించి నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి: బాగా లాగి తీసిన బొమ్మలో అందని వివరాన్ని ఫోను తానే నునుపుగా పూరించేస్తుంది, లేని చారలు ఉన్నట్టు కనిపిస్తాయి. ఒకటికి నాలుగు ఫొటోలు, వేర్వేరు కోణాల్లో తీసి, అన్నిటిలోనూ ఉన్న గుర్తునే లెక్కలోకి తీసుకోండి.

ఈబర్డ్‌లో గానీ ఐనాచురలిస్ట్‌లో గానీ (జనం తాము చూసిన జీవులను చేర్చే వెబ్‌సైట్లు ఇవి) నమోదు చేసేటప్పుడు మీ నోటు పుస్తకంలోని వర్ణనను కూడా చేర్చండి. అరుదైన పేరు నమోదు చేస్తే ఈబర్డ్ తరఫున సరిచూసే స్వచ్ఛంద పరిశీలకులు వివరాలు అడుగుతారు. అది అవమానం కాదు, అనుభవమున్న వారికీ అదే ప్రశ్న వస్తుంది. పేరు తేలని వాటిని "గుర్తు తెలియని డేగ జాతి పక్షి" అన్న స్థాయిలోనే వదిలేయడానికి అక్కడ వీలుంది, దానిని మొహమాటం లేకుండా వాడుకోండి. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో కనీసం 15 నిమిషాలు బాల్కనీలో కూర్చుని జాబితా రాస్తే చాలు. మొదటిసారి పాల్గొనేవారు కాకులు, పావురాలు, గోరువంకలను చిన్నచూపు చూడకుండా లెక్కపెట్టాలి. మామూలు పక్షుల ఆకారం కంటికి అలవాటైతేనే వేరేది వచ్చినప్పుడు తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

ఇప్పటికే తప్పు పేరుతో ఒక ఫొటో పంపి ఉంటే దాన్ని గుట్టుగా తొలగించి ఊరుకోవద్దు, ఎందుకంటే అప్పటికే అది మరో నాలుగు గ్రూపులకు పోయి ఉంటుంది. పంపిన చోటనే, అదే ఫొటో కింద, "నిన్న చిరుత అని పంపినది మానుపిల్లి. గోడ పక్కన స్కేలు పెట్టి చూస్తే భుజం అడుగు లోపే ఉంది. ఎలుకలను, పండ్లను తినే జంతువు. బోను పెట్టవలసిన పని లేదు" అని కొలతతో సహా రాసి, స్కేలు పట్టుకుని తీసిన రెండో బొమ్మను జతచేయండి.